రాయల యాత్రలును ఆముక్తమాల్యదయు

ఆముక్తమాల్యదను శ్రీకృష్ణదేవరాయలు తానే రచించెనా, లేక అల్లసాని పెద్దన రచించి రాజు పేర వెలయించెనా యను వివాదము మన సాహిత్యచరిత్రలోఁ జిరకాలమునుండి నడచుచున్నది. పెద్దనపక్షమువారు ముఖ్యముగాఁ జూపు ఆధార మొకటి: మనుచరిత్రావతారికలోని పద్యములు కొన్ని ఆముక్తమాల్యదావతారికలోను గానవచ్చుచున్నవి. రాయలపక్షమువారు ముఖ్యముగాఁ జూపునది మఱియొకటి: నాలవ ఆశ్వాసములోని రాజనీతి. రాజ్యము నేలినవాఁడు తప్ప నన్యుఁడు అట్టి నీతిని జెప్పఁజాలఁడని వారి వాదము.

ఈ రెండును నిర్ణయమునకుఁ జాలినవిగాఁ దోఁపవు. అవతారికలోని ఆ పద్యములు వంశవర్ణనమునకును, విజయవర్ణనమునకును సంబంధించినవి. ఒక ఆస్థానమున నొక రాజవంశమును గూర్చి వెలసిన పద్యములు ఆ ఆస్థానమునకెల్ల సొత్తు వంటివి. రాజు తన కవి పద్యములను గొన్నింటిని గైకొన్నంత మాత్రమున గ్రంథమంతయు నా కవిదే యని తేలదు. ఇఁక రాజనీతి యందుమా, అది కామందకాది శాస్త్రములందును, తెనుఁగున బద్దెన నీతిశాస్త్రముక్తావళియందును, మడికి సింగన సకలనీతిసమ్మతమునందును గలదు. చదువుకొన్న పండితుఁ డెవఁడైనను నీతిని బద్యములలోఁ గూర్పవచ్చును. నీతి పుస్తకమునుండి రావచ్చును గాన, అది రాజు చేతివ్రాలని రూఢిగాఁ జెప్పరాదు.

కాఁబట్టి మూఁడవ మార్గమున నీ ప్రశ్నను బరిశీలింపవలసి యున్నది. ఈ కావ్యమునకుఁ బ్రేరణ యెచ్చటఁ గలిగినది? ఇందుఁ గవి కంటితోఁ జూచిన దేది, గ్రంథమునఁ జదివిన దేది? ఈ రెంటిని వేఱుచేయఁగలిగినచో, చూచినవాఁ డెవఁడను ప్రశ్నకుఁ గొంత సమాధానము లభించును. అంతకంటె ముఖ్యమైనది, కావ్యప్రేరణమన నేమో కొంత తెలియును.

కావ్యహేతువు

కావ్యమునకు హేతువేది యని మన ఆలంకారికులు విపులముగాఁ జర్చించిరి. పదునొకండవ శతాబ్దివాఁడగు మమ్మటుఁడు కావ్యప్రకాశమున శక్తి, నిపుణత, అభ్యాసము అను మూఁటిని జెప్పి, అవి వేర్వేఱు హేతువులు కావనియు, మూఁడును గలసి యొక్కటే హేతువనియుఁ దెలుపుటకై యేకవచనమునే ప్రయోగించెను. వ్యాకరణము చదివినవారు ఆ యేకవచనము నుపేక్షింపరాదు. శక్తి యొక్కటే చాలుననువారికిని, శాస్త్రపరిచయ మొక్కటే చాలుననువారికిని అదియే ప్రత్యుత్తరము.

నిపుణత యెట్లు కలుగునన్నచోట, లోకమును శాస్త్రమును గావ్యమును బరిశీలించుటవలనఁ గలుగునని మమ్మటుఁడు ద్వంద్వసమాసమునఁ జెప్పెను. ఆ ద్వంద్వమున లోకశబ్దము మొదట నిలిచినది. తక్కువ అచ్చులుగల పదము ద్వంద్వమున ముందు నిలుచునని పాణిని విధించెను. లోక, శాస్త్ర, కావ్యశబ్దములు మూఁడును రెండేసి అచ్చులు గలవియే. మూఁటను మొదటి యక్షరము గురువు, రెండవది లఘువు. కాఁబట్టి శబ్దస్వరూపమునుబట్టి యేదియు ముందు నిలువవలసిన పనిలేదు. మిగిలినది, ఎక్కువ పూజ్యమగు నర్థముగల పదము ముందు నిలుచునను వార్తికకారుని నియమము. కవికి లోకమే పూజ్యతరము, శాస్త్రకావ్యములు దాని వెనుకటివి అని యీ కూర్పునుబట్టి గ్రహింపవచ్చును. మమ్మటుఁడు అట్లు సంకల్పించియే కూర్చెనని పట్టుపట్టను గాని, కూర్పు మాత్ర మట్లున్నది.

మమ్మటునికంటెఁ బూర్వుఁడగు రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో దేశవిభాగమున కొక అధ్యాయమును, కాలవిభాగమున కొక అధ్యాయమును వినియోగించెను. దేశకాలముల విభాగము నెఱిఁగిన కవికి వర్ణింపఁదగిన వస్తువునందు దారిద్ర్యము కలుగదని ఆతని యాశయము. అయితే దేశకాలములను అధ్యాయము చదివి నేర్చుట వేఱు, నడచి నేర్చుట వేఱు. ఏ ఋతువున నే పూవు పూయునో పట్టిక వల్లించినవాఁడును వర్షర్తువును వర్ణింపవచ్చును. వానలోఁ దడిసినవాఁడును వర్ణింపవచ్చును. ఈ యిరువురి పద్యములను వేఱుచేయు గుర్తు కలదా? కలదు. పూర్వకావ్యము లీయఁజాలని చిన్న వస్తువు, వర్ణనాసంప్రదాయమున కక్కఱలేని వస్తువు, పద్యమున నిలిచినచో నది కవి స్వయముగాఁ జూచి తెచ్చినదని యూహింపవచ్చును. ఈ గుర్తునే యీ వ్యాసమునఁ బ్రమాణముగాఁ గైకొనుచున్నాను.

శాసనములు చూపు మార్గము

కృష్ణరాయలు 1509 లో సింహాసన మెక్కెను. 1510 లో విరూపాక్షాలయమున రంగమంటపమును గట్టించెను. 1513 ఫిబ్రవరిలో దేవీసహితుఁడై తిరుమల నెక్కెను. ఆ యేఁటనే గజపతులపై దండయాత్ర యారంభమయ్యెను. 1513 జూన్ నెలలో మరలఁ దిరుమల దర్శనమయ్యెను. ఉదయగిరిదుర్గము 1514 లో లోఁబడెను. ఆ జూలైలోఁ దిరుమలకు వచ్చి స్వామికిఁ గనకాభిషేకము చేసెను. 1515 జూన్ 23 నాఁడు, యువనామసంవత్సరాషాఢశుద్ధ హరివాసరమున, కొండవీడు పట్టువడెను. ఆ సంవత్సరమే అమరావతిలో అమరేశ్వరుని సన్నిధిని దులాపురుషదానము జరిగెను. పిమ్మటఁ గొండపల్లి చేఁజిక్కెను. ఆ యేఁటి చివర అహోబలదర్శనము. 1516 మార్చి 30 నాఁడు సింహాచలమున స్వామికి ముత్యాలహారము మున్నగు భూషణములు సమర్పింపఁబడెను. సింహాద్రి పొట్నూరున జయస్తంభము నిలిచెను.

కళింగమునుండి మరలినవెనుక కాళహస్తిలో నూఱుకాళ్ల మంటపమును గోపురమును, చిదంబరమున నుత్తరగోపురమును, తిరువణ్ణామలైలో వేయికాళ్ల మంటపమును రాయల పేర వెలసినవి. తిరువణ్ణామలైలోని పదునొకండు నెలవుల మహాగోపురమును ఆతఁడే యారంభింపఁగా, తరువాతఁ దంజావూరు సేవప్పనాయకుని కాలమున ముగిసెను. 1517 జనవరిలో మరలఁ దిరుమల. ఆనందనిలయవిమానమునకు బంగారుపూఁత 1518 లో పూర్తియయ్యెను. 1521 లో మఱియొక దర్శనము. తిరుమల గుడిలో నిరువురు దేవేరులతోఁ గూడి చేతులు జోడించి నిలిచియున్న రాయల లోహప్రతిమను యాత్రికులు నేఁటికిని జూచుచున్నారు.

ఈ తేదీలను వరుసఁగాఁ బెట్టి చూచిన నొక విశేషము తెలియును. 1513, 1514, 1515 ఈ మూఁడేండ్లును జూన్, జూలై నెలలలో రాజు రాజధాని వెలుపల నున్నట్లు సాక్ష్యము కలదు. అవి వానలు మొదలగు నెలలు. తొలకరినాఁటి పల్లెలను, తడిసిన దారులను, ముసురు పట్టిన గుడారములను ఆతఁడు మేడమీఁదినుండి కాక మార్గమధ్యమునఁ జూచియుండును. దండయాత్రయు యాత్రయే. శత్రువును వెదకికొనుచుఁ బోయినవాఁడును దేశమును జూడక పోఁజాలఁడు.

ఉదయగిరియు శ్రీకాకుళమును

ఈ మార్గమున రెండు దర్శనములు ప్రత్యేకముగా విచారింపఁదగినవి. మొదటిది ఉదయగిరిలో జరిగినది. ఆ దుర్గమున బాలకృష్ణుని విగ్రహ ముండెను. దుర్గమును జేపట్టిన రాజు ఆ విగ్రహమును విజయనగరమునకుఁ దెప్పించి, దానికై క్రొత్తగా నాలయము గట్టించి, 1515 లోఁ బ్రతిష్ఠించెను. హంపిలో నేఁడు కృష్ణాలయమని పేర్కొనఁబడుచున్న దదియే. ఆ విగ్రహము చెన్నపురి ప్రదర్శనశాలకుఁ జేరినది. ఒక శిల్పము రాజు మనస్సును గదలించెను. ఆ కదలిక యొక యాలయమయ్యెను.

రెండవది శ్రీకాకుళమున జరిగినది. ఇది ఉత్తరాంధ్రములోని శ్రీకాకుళము కాదు. విజయవాటికకు దిగువను గృష్ణాతీరమున, ఆంధ్రవిష్ణువు వెలసిన శ్రీకాకుళము. కళింగముపై దండెత్తిపోవుచు విజయవాటికలోఁ గొన్నినాళ్లు విడిసి, పిమ్మట ఆంధ్రవిష్ణుదర్శనమునకుఁ బోయి, హరివాసరోపవాస ముండఁగా, నాఁటి రాత్రి నాలవజామున స్వామి కలలోఁ గన్పట్టెనని ఆముక్తమాల్యదావతారిక చెప్పుచున్నది. స్వామి రాయలు సంస్కృతమున రచించిన మదాలసచరిత్రము, సత్యావధూప్రీణనము, సకలకథాసారసంగ్రహము, జ్ఞానచింతామణి, రసమంజరి యను గ్రంథములను బేర్కొని, శ్రీరంగమున జరిగిన తన పెండ్లికథను దెనుఁగునఁ జెప్పుమని యాజ్ఞాపించెను. కావ్యమును దన వేంకటేశ్వరమూర్తికిఁ గృతి యిమ్మనెను.

ఇచ్చట రెండు దర్శనములకును గల భేదమును గుర్తింపవలెను. ఉదయగిరిలోఁ జూచిన మూర్తిని రాజు తనవెంటఁ దెచ్చుకొనెను. శ్రీకాకుళములోఁ జూచిన మూర్తిని గదలింపలేదు. గెలిచినవాఁడు తెచ్చుకొనుట రాజధర్మమున వాడుకయే. కాని శ్రీకాకుళమున ఇచ్చినవాఁడు దేవుఁడు, పుచ్చుకొన్నవాఁడు రాజు. పుచ్చుకొన్నదియు విగ్రహము కాదు, ఒక పని. ఉదయగిరి దర్శనమునకు ఫలముగా రాతిగుడి లేచెను. శ్రీకాకుళదర్శనమునకు ఫలముగా ఆఱు ఆశ్వాసముల కావ్యము లేచెను.

భాషావిషయమునను ఆ స్థల మూరకుండలేదు. స్వామి తాను దెలుఁగురాయఁడననియుఁ, గృష్ణరాయలు కన్నడరాయఁడనియు సంబోధించుట ఆ ఘట్టమునఁ గలదు. అంతవఱకు సంస్కృతమున వ్రాసిన రాజు, తుంగభద్రాతీరమున రాజధాని గల రాజు, కృష్ణాతీరమునఁ దెలుఁగునేలపై విడిసినపుడే తెలుఁగునఁ గావ్యము వ్రాయఁబూనెను. కలను గూర్చి విశ్వాసము గలవారు విశ్వసింతురు, లేనివారు మానుదురు. కాని ఆ కల యే యూరఁ గలిగినదో చెప్పుటలోఁ గవికి ఆవశ్యకత యుండెను. ఊరు మాఱినచో భాషయు మాఱియుండును.

ఒక జాగ్రత్త

ప్రేరణనుగూర్చి వ్రాయువారికి జాగ్రత్త యవసరము. హంపి విఠలాలయపు ముంగిట నున్న రాతిరథమును జూచి, కళింగయాత్రలో రాయలు కోణార్కపు సూర్యరథమును జూచి దానివలెనే చేయించెనని పలువురు చెప్పుదురు. కోణార్కాలయము పదుమూఁడవ శతాబ్దిలోఁ బూర్వగాంగుఁడగు నరసింహదేవుఁడు కట్టించినది. రెండును జక్రములుగల రథరూపములే. అయినను రాయలు కోణార్కమునకుఁ బోయెననుటకుఁ గాని, దానిని జూచి దీనిని జేయించెననుటకుఁ గాని శాసనసాక్ష్యము లేదు. రథాకృతి దక్షిణదేశపు గుళ్లలో నంతకుముందే కలదు. రెండు వస్తువులు పోలియుండుట ఒకటి మఱియొకదానికిఁ గారణమనుటకుఁ జాలదు. కారణమని చెప్పుటకు వస్తువునందే యొక జాడ యుండవలెను. ఆముక్తమాల్యదలో నట్టి జాడలు కలవు గనుకనే దానినిగూర్చి మాటలాడ సాహసించుచున్నాను.

పద్యములలోని జాడలు

నాలవ ఆశ్వాసమున వర్షర్తువర్ణనము కలదు. మబ్బు, మెఱుపు, నెమలి, విరహిణి యనునవి సంప్రదాయసిద్ధములు. అవి యందుఁ గలవు. కాని వానితోఁబాటు మఱికొన్ని కలవు. ముసురు పట్టిన దినములలో నిప్పుకొఱకు ఇల్లిల్లు దిరుగుటయు, దొరికినను నది రాజకుండుటయు, రాజినను వంట తెమలకుండుటయు నందు వర్ణింపఁబడినవి. ఏ యలంకారశాస్త్రమును తడిసిన వంటచెఱకును వర్షోద్దీపనములలోఁ జేర్పలేదు.

అంతకంటె స్పష్టమైనది రెడ్ల పద్యము. జడివానలో రెడ్లు గురుగు, చెంచలి, తుమ్మి, లేఁత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతోఁ బొరటిన కూరతో ఆరికకూడు తిని, పశువులు పొలమునకుఁ బోఁగా నింట మిగిలిన దూడలు మెడలు నాకుచుండ, మేకపెంట నిప్పుల కుంపటి దగ్గఱ మంచమెక్కి కూర్చుందురఁట. ఆ కూర్చుండుటను వర్ణించుచుఁ గవి ప్రభుత్వమను మాట వాడెను. మంచమే సింహాసనము, కుంపటియే భోగము. ప్రభువైనవాఁడు రైతు ప్రభుత్వమును జూచి నవ్వుకొన్న నవ్వు ఆ మాటలో వినఁబడుచున్నది. ఆ నవ్వులో నెగతాళి లేదు. మూఁడేండ్లుగా గుడారములలో వానలు గడపిన రాజునకు ఆ మంచము అసూయ పుట్టించియుండును.

ఈ పద్యమునందలి వస్తువులను బరిశీలింతము. కావ్యము జరుగు చోటు పాండ్యదేశము. ఆరిక యన్ననో వాననే నమ్ముకొన్న మెట్టచేల పంట, తెలుఁగునాఁటి పల్లెల కూడు. గురుగు, చెంచలి, తుమ్మి, తగిరిస యనునవి యెవ్వరును విత్తక తొలకరి వానకుఁ దమంతఁ దామే చేలగట్లను బయళ్లను మొలచు నాకులు. ఇవి రాజుగారి వంటశాలకుఁ జేరునవి కావు, సంస్కృతకావ్యముల శాకవర్ణనములలోఁ జేరునవియుఁ గావు. ఇవి దారిప్రక్కనుండి నేరుగాఁ బద్యమునకుఁ జేరినవి. విల్లిపుత్తూరి వానలోఁ గురిసినది తెలుఁగువాన.

మొదటి ఆశ్వాసములోని బాతుల పద్యము అందఱు నెఱిఁగినదే. వరిమడుల కాలువలలో బాతులు ఱెక్కలలోఁ దల దూర్చి నిద్రించుచుండ, అవి వేకువను స్నానము చేసి పోయిన బ్రాహ్మణులు మఱచిన పిండిన బట్టలని తలారులు భ్రమించి, వారి యిండ్లకుఁ జేర్పవలెనని రేవు దిగఁగా బాతులు పాఱిపోవును. అదిచూచి చేలకావలి స్త్రీలు నవ్వుదురు. భ్రాంతిమదలంకారమునకు లక్షణము శాస్త్రమునఁ గలదు. కాని తల దాఁచుకొన్న బాతు పిండి వదలిన ధోవతివలె నుండునను పోలిక శాస్త్రమున లేదు. అది తెల్లవాఱకముందే లేచి నీటియొడ్డునఁ దిరిగినవానికే దొరకును. తుంగభద్ర కాలువలు పాఱు వరిచేలు రాజధానిచుట్టును గలవు. ఈ పద్యమునకు విల్లిపుత్తూరుదాఁకఁ బోవలసిన యక్కఱ లేదు.

విష్ణుచిత్తుని యింటి యతిథిభోజనములును ఇట్టివే. వానకాలమున వంటచెఱకు తడియును గనుక నారికేళమును మండించి వండిన వంట, వరియన్నము, పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వరుగులు, వడియములు, పెరుగు, నేయి. వేసవిలోఁ దియ్యని చారు, మజ్జిగపులుసు, పలుచని అంబలి, చెఱకుపాలు, ఎడనీరు, ఊరఁగాయలు. ఋతువునుబట్టి పూవు మాఱుట కవిసమయము. ఋతువునుబట్టి విస్తరి మాఱుట గృహస్థుని యనుభవము. క్షేత్రములందు సత్రములను నిలిపి, దండులో వేలమందికిఁ గూడు పెట్టించినవానికి ఈ లెక్క కంఠపాఠమై యుండును.

పాదలేపమును కాలిబాటయు

పెద్దనయు రాజుతో దండున నుండవచ్చును గదా, ఆతఁడు మాత్రమేల చూచి వ్రాయరాదు అని శంక. న్యాయమైన శంకయే. మనుచరిత్రావతారికలోను బొట్నూరి జయస్తంభప్రశంస కలదు. కావున ఆ మార్గ మాతనికిఁ దెలియును. అయితే రెండు కావ్యములు దారిని జూచు విధము వేఱు.

మనుచరిత్రమునఁ బ్రవరుఁడు యాత్రాభిలాషి. దూరదేశములనుండి వచ్చినవారి నడిగి తెలిసికొని యువ్విళ్లూరును. తుదకు సిద్ధుఁ డిచ్చిన పసరు పాదములకుఁ బూసికొని క్షణములో హిమాలయము చేరును. మంచునకుఁ బసరు కరఁగి మరలరాలేక చిక్కుపడును. ఆ హిమాలయవర్ణనము శబ్దసౌష్ఠవమున అద్వితీయము. చెవితోఁ జూచిన హిమాలయ మది. ఆ కథలోఁ జేరుటయే గాని నడచుట లేదు. ఆతని తరువాతి వేఁటఘట్టమునఁ జక్కని దేశ్యపదములు లేకపోలేదు. అయినను పెద్దన చిత్తము వస్తువుకంటెఁ గూర్పునందే యెక్కువ తగులుకొనును.

ఆముక్తమాల్యద యాఱవ ఆశ్వాసమున మాలదాసరి కథ కలదు. వరాహపురాణమునుండి గైకొన్న కథ. అతఁడు నిత్యము కుఱుంగుడి స్వామిని మంగళకైశికిరాగమునఁ గొల్చుటకుఁ గాలినడకనే పోవును. ఒకనాఁడు ఇంకను వేగకముందే బయలుదేఱి, దారి తప్పి, ఒక మఱ్ఱిని జూచును. ఆ మఱ్ఱిని వర్ణించు పద్యము దాదాపుగా నంతయు నొక్క దీర్ఘసంస్కృతసమాసము. వ్యాకరణవేత్తకు దానిని విగ్రహించుటయే యొక పూఁటపని. కాని విగ్రహించి చూచినచో ఆ సమాసగర్భమున నేమున్నది? పురుగులు తొలిచిన మఱ్ఱియాకులు. గాలికి దూరము కొట్టుకొనిపోయిన యాకులపై ఆ తొలుపులు అక్షరములవలె నుండి, బాటసారులకుఁ బంపిన లేఖలైనవఁట. ఎంత పెద్ద సమాసము, ఎంత చిన్న యాకు! ఆ యాకును జేతఁబట్టి చూడనివాఁడు ఆ సమాసమును గట్టఁడు. మఱ్ఱి శాఖలను ఊడలను వర్ణించినవారు పలువురు కలరు. దారిలో దూరమునఁ బడిన యాకును జూచి చెట్టు నూహించినవాఁడు నడచినవాఁడే.

ఇదియే ఈ గ్రంథపు శైలిలోని క్లేశమునకును గొంత కారణము. రాయల పద్యము కొఱుకుడుపడదని విద్యార్థులు భయపడుదురు. వేదము వేంకటరాయశాస్త్రులవంటి మహావిద్వాంసుఁడు వ్యాఖ్య రచింపవలసివచ్చినది. కష్టము పాండిత్యప్రదర్శనమువలన మాత్రమే కలుగలేదు. కవి చూచిన వస్తువు సిద్ధముగానున్న పదబంధములలో నిముడలేదు. ఇమడని దాని నిముడ్చుటకుఁ గుంపటి యను మాట ప్రక్కను సంస్కృతసమాసమును నిలిపి, పాదము నిండఁగ్రుక్కెను. పెద్దన అట్లు చేయఁడు. ఆతని నడక నున్ననిది. ఇరువురును మహాకవులే. కాని ఒక్కరు కారు. ఈ జాడలు న్యాయస్థానమున నిలుచు సాక్ష్యములని కాదు గాని, వంశపద్యములకంటెను రాజనీతికంటెను ఇవి కవి హృదయమునకుఁ జేరువలో నున్నవి.

బోధకులకు మనవి

ఈ విచారమువలన మనకుఁ గలుగు ప్రయోజన మేమి? కర్తృత్వవివాద మొకటి యటుండనిండు. పాఠశాలలలోఁ బ్రబంధమును బోధించువారము అష్టాదశవర్ణనల పట్టిక చెప్పి, వర్షవర్ణన మిది, వసంతవర్ణన మిది యని గుర్తు పెట్టించి, ఛందస్సును అలంకారమును వ్రాయించి ముగింతుము. అందువలన వర్ణనలన్నియు నొకే అచ్చునఁ బోసినవని విద్యార్థికి దోఁచుట సహజము. అచ్చునఁ బోయనిది యేదో చూపుట మన పని.

మఱియొకటి. తగిరిస యననేమి యని విద్యార్థి యడిగినచో, శాకవిశేషమని చెప్పి తప్పించుకొందుము. నిఘంటువులు తఱచు నంతకంటె నెక్కువ చెప్పవు. శాకవిశేష మనఁగా అర్థము చెప్పినట్లు కాదు, ప్రశ్నను దిరిగి చెప్పినట్లు. ఆ యాకును గుర్తింపఁగల ముదుసళ్లు మన పల్లెలలో నింకను గొందఱు కలరు. వారు పోయిన వెనుక ఆ పద్యమునకు టీక వ్రాయుటకు వేదము వేంకటరాయశాస్త్రులవారు దిగివచ్చినను సాధ్యము కాదు. 2023 ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగాఁ బ్రకటించినది. అప్పటినుండి ఆరికలను పట్టణములందును గొని వండుకొనువారు పెరుఁగుచున్నారు. ధాన్యము తిరిగివచ్చినది గాని, దానితోఁ దిన్న యాకుల పేరులు తిరిగిరాలేదు. ఆ పేరులు రాయలు మనకై యొక పద్యమునఁ బదిలపఱచెను. పదిలపఱచిన దానికి వస్తువును జూపుట మన వంతు.

కావున ఆముక్తమాల్యదను బోధించు పండితులు తొలకరిలో నొకదినము విద్యార్థులను జేలగట్లకుఁ దోడ్కొనిపోయి, గురుగేది, చెంచలియేది, తుమ్మియేది, తగిరిసయేది చూపి, పేరులను ఆ యూరి వాడుకతోఁ గూడ వ్రాసికొని రావలెనని నా మనవి. ఒక్కొక్క మండలమున నొక్కరైన నిట్లు చేసినచో, ఈ కావ్యమునందలి వృక్షశాకధాన్యనామములకుఁ బ్రత్యక్షప్రమాణముగల యొక పట్టిక సిద్ధమగును. శాసనములను నకలు తీయుటకై మన పూర్వులు గుడి గుడి తిరిగిరి. పద్యములలోని యాకులకై చేను చేను తిరుగుటయు నట్టి పరిశోధనమే. మమ్మటుని ద్వంద్వమున మొదట నిలిచిన లోకమునకు మన బోధనమునను మొదటి స్థానము లభించునట్లు పండితులు యత్నింతురుగాక.